అత్తయ్య ఎలా పడ్డారు

ఆపరేషన్ గది తలుపు రెక్కలు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూసుకున్నాయి, పైన ఎర్రదీపం వెలిగింది, అత్తయ్య కళ్ళజోడు మాత్రం ఎలాగమ్మ చేతిలో మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేతిరుమాలుతో అద్దాలు తుడిచింది, వెలుతురుకేసి పెట్టి చూసి మళ్ళీ తుడిచింది, చివరికి తన తలమీదికి తోసుకుని వరండాలో గోడవారగా ఉన్న కుర్చీలో కూలబడింది. గంటలో అయిపోతుందని ఎముకల డాక్టరు చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కంగారేమీ లేదు, అదొక్కటే ఊరట. ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన కాలి బొటనవేలికి తలపాగా అంత కట్టు కట్టించుకుని కూర్చున్నాడు, పక్కన ఆయన భార్య మూతి బిగించుకుని గోడమీది గడియారం చూస్తోంది. ఎలాగమ్మ చూపు ఆ కట్టు మీద ఆగింది, అలవాటు ఊరుకోనివ్వదు కదా, గుమ్మం తగిలిందా, పైనుంచి ఏదైనా పడిందా, పడితే ఏం పడింది, ఆవిడ కోపం చూస్తే ముట్టుకోవద్దన్న వస్తువేదో ఎత్తబోయి కాలిమీద వేసుకున్నట్టున్నాడు, బరువైనది, బహుశా కుట్టుమిషను. అడిగితే బాగుండదు. అడక్కపోతే తోచదు. ఆఫీసులో ఆమెకు ఎలాగమ్మ అని పేరు పడింది అందుకే. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ లేరు, జీతం వచ్చే రోజున కంప్యూటరు తప్ప.

డాక్టర్లు తమ భాషలో రాసిన రోగి కథనంతా అక్షరాలూ అంకెలుగా మార్చడం ఆమె ఉద్యోగం. మెడికల్ కోడింగ్ అంటారు. ఏ ఎముక విరిగింది, ఏ పక్క విరిగింది, చర్మం చీల్చుకుని బయటికొచ్చిందా లేదా, ఇవన్నీ ఒక వరస. ఆ వరస అందరూ చేస్తారు. దెబ్బ ఎలా తగిలింది అనే రెండో వరస మాత్రం ఆఫీసులో చాలామందికి చిరాకు, ఆమెకు ప్రాణం. నిచ్చెన మీంచి పడితే ఒకటి, మెట్ల మీంచి పడితే ఒకటి, మంచం మీంచి, కుర్చీ మీంచి, చెట్టు మీంచి, దేని కోడ్ దానిదే. చిలక కరిస్తే ఒకటి ఉంది, బాతు పొడిస్తే ఒకటి ఉంది, ఆవు తన్నినా ఉంది, ఆ మాట విన్న రోజు ఆమె భర్త పొట్ట పట్టుకుని నవ్వి, నా మీద ఎన్ని కోడ్లు వాడుకోవచ్చో లెక్కేసుకో అన్నాడు. పశువుల డాక్టరాయన, తన్నని జంతువు లేదు. ఇంతటితో అవదు, ఎక్కడ పడ్డారు, వంటగదిలోనా, పెరట్లోనా, బడిలోనా, అప్పుడు ఏం చేస్తున్నారు, ఈదుతున్నారా, అల్లుతున్నారా, పిల్లను ఎత్తుకుని ఉన్నారా, దానికీ కోడ్ కావాలి. ఇదంతా ఎవడికమ్మా అని పక్క సీటు అమ్మాయి విసుక్కునేది, బస్సు తలుపుల సంగతి బయటపడేదాకా. ఒక వర్షాకాలమంతా వేళ్ళు నలిగిన కేసులు వస్తూనే ఉన్నాయి, చూపుడు వేలు, నడిమి వేలు, పెద్దవాళ్ళవీ పిల్లలవీ, ప్రతి దాంట్లోనూ బస్సు తలుపే. ఎలాగమ్మ వాటిని ఒకచోట చేర్చి పై అధికారికి చూపించింది, ఆయన ఎవరికో పంపాడు, వాళ్ళు మరెవరికో పంపారు, ఆ తరవాత కొన్నాళ్ళకు ఆమె ఎక్కిన బస్సు తలుపు అంచున మెత్తటి నల్ల రబ్బరు పట్టీ కనిపించింది. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని దాన్ని ఒకసారి నొక్కి చూసింది. ఆ రోజంతా ఊరికే సంతోషంగా ఉంది. తన వల్లనే అని ఎవరితోనూ అనలేదు, అలా అనుకోవడం కూడా ఎక్కువేనేమో, కానీ రబ్బరు మాత్రం మెత్తగా ఉంది, అది నిజం.

ఆ ఉద్యోగంలో మొట్టమొదట నేర్పేది ఒక్కటే, నీకు తెలిసినా సరే, కాగితం మీద లేనిది రాయకూడదు. అనుమానం ఉంటే డాక్టరును అడగాలి, ఊహించకూడదు. మొన్న సాయంత్రం అత్తయ్యను ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఎలాగమ్మ ఆఫీసులోనే ఉంది, భర్త ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చింది, వచ్చేసరికే కాగితం మీద ఒక వాక్యం ఉంది, బాత్‌రూమ్‌లో జారి పడ్డానని రోగి చెబుతున్నారు అని. కుడి మణికట్టు వంకర తిరిగిపోయి వాచి ఉంది. అత్తయ్య మాత్రం ఏదో పుస్తకం పక్కన పెట్టినట్టు ఆ చేతిని దిండుమీద పెట్టుకుని, చూశావా అమ్మాయ్, ఏ చెయ్యి విరగకూడదో సరిగ్గా అదే విరిగింది అని నవ్వింది. నవ్వుతూనే ఉంది, బొటనవేలు కదపండి అని డాక్టరు అడిగేదాకా. అది కదల్లేదు. అది చిటికెన వేలి వైపు కొంచెం వంగాలని తనకు తెలిసినట్టే ఉంది, వంగడం మాత్రం రాలేదు. చూపుడు వేలిని డాక్టరు సూదితో తాకితే అత్తయ్య కిటికీ వైపు చూస్తూ తాకినట్టే తెలియనట్టు ఊరుకుంది. నరం నలిగిందండి, ఎముక సర్ది పలక బిగించి నరానికి చోటు చేస్తాం, ఆ తరవాత ఎంత తిరిగొస్తుందో ఆ తరవాతే తెలుస్తుంది అన్నాడు. చేతికి మాత్రమే మత్తిస్తే వేళ్ళ సంగతి వెంటనే తెలియదు కాబట్టి పూర్తి మత్తే ఇస్తారట. కూర వండుకోకపోయినా, సంతకం చేయకపోయినా ఎలాగో గడిచిపోతుంది, అత్తయ్య బొమ్మలు వేయకపోతే ఎలా గడుస్తుంది? ప్రతి ఉదయం కాఫీ కప్పు పక్కనే ఒక ఆకు, దాని పక్కన తెల్లకాగితం, బాగా చెక్కిన పెన్సిలు. ఆకు అంచున ఉన్న రంపపు పళ్ళు ఒక్కటి కూడా వదలకుండా వేస్తుంది. ఏదైనా పురుగు కొరికి ఉంటే ఆ కొరికిన ముక్క కూడా వేస్తుంది, పక్కనే చిన్నక్షరాలతో ఇది మీ మావయ్య వాటా అని రాస్తుంది.

మావయ్య అంటే అత్తయ్య భర్త. ఎలాగమ్మ కాపురానికి వచ్చేనాటికే ఆయన లేడు, ఉన్నదల్లా కథలే, ఆ కథల్లో ఆయన ఎంత గట్టిగా నవ్వుతాడంటే ఆమెకు ఆ గొంతు తెలిసినట్టే ఉంటుంది. ఆయన ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు, అత్తయ్య అదే కాలేజీలో వృక్షశాస్త్రం. రెండు డిపార్ట్‌మెంట్లకూ మధ్య ఒక్కటే గోడ, ఆ గోడకు అటు ఒక సూక్ష్మదర్శిని, ఇటు ఒక సూక్ష్మదర్శిని, రెండింటికిందా ఒకే బొట్టు నీళ్ళు. ఆ నీళ్ళలో యూగ్లీనా అనే జీవి. అది ఆకుపచ్చగా ఉంటుంది, ఎండలో తన తిండి తనే వండుకుంటుంది కాబట్టి మొక్క అంది అత్తయ్య. తోక ఆడిస్తూ ఈదుతుంది, చీకట్లో పెడితే దొరికింది తిని బతుకుతుంది కాబట్టి జంతువు అన్నాడు ఆయన. పరీక్షలో ఇద్దరూ దానిమీదే ప్రశ్న ఇచ్చారు, పిల్లలు ఒక్క జవాబే బట్టీపట్టి రెండు పేపర్లలోనూ రాసి రెండు చోట్లా మార్కులు కొట్టేశారు, దాంతో ఇద్దరికీ అరికాలి మంట నెత్తికెక్కి ప్రిన్సిపాల్ గదిలో తగవు పెట్టుకున్నారు. ఆ తగవు తెగలేదు. తెగకపోగా క్యాంటీన్లోకి వచ్చింది, అక్కణ్ణుంచి బస్‌స్టాప్ దాకా నడిచింది, చివరికి ఇద్దరూ పెళ్ళి చేసుకున్నాక ఇంట్లో భోజనాల బల్లమీద స్థిరపడింది. ఇప్పుడు దాన్ని మొక్కల్లోనూ జంతువుల్లోనూ కాకుండా వేరే తీసి పెట్టారట అని ఎలాగమ్మ ఒకసారి చెబితే, తెలుసు, ఆ వార్త వచ్చిన రోజు మీ మావయ్య మా ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదని స్వీట్లు తెచ్చాడు అంది అత్తయ్య. పుట్టగొడుగుల్ని కూడా తననుంచి లాక్కుపోయారని మాత్రం ఇప్పటికీ కాస్త అలకే. గోడమీద బూడిదరంగులో పాకే శిలావల్కం సగం పుట్టగొడుగుల జాతి శిలీంధ్రం, సగం నాచు జాతి శైవలం, అది నాకు సగమైనా మిగిలిందమ్మాయ్ అంటుంది.

ఎలాగమ్మ చదివింది బయోకెమిస్ట్రీ. పెళ్ళిచూపుల్లో, అంటే వాళ్ళకు తెలిసినవాళ్ళ ఇంట్లో టీ తాగే వంకతో జరిగిన చూపుల్లో, అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న అదే, ఏం చదివావు? చెబితే ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే మా రెండిళ్ళకూ నీళ్ళు తోడే బావి నీదన్నమాట అంది. ఆ మాటతో ఎలాగమ్మ మనసులో పెళ్ళి అయిపోయింది, పెళ్ళికొడుకు ఇంకా బిస్కెట్టు నములుతూనే ఉన్నాడు. నిజానికి అప్పట్లో ఆమెకు పరిశోధన చేయాలని ఉండేది, తెల్లకోటు, చల్లటి గది, గాజు గొట్టాలు. చేరాలనుకున్న ప్రయోగశాలలో ఖాళీ లేదు, ఖాళీ వచ్చేసరికి కడుపులో బిడ్డ, ఆ బిడ్డ బడికి వెళ్ళేసరికి చేతికి అందివచ్చినది ఈ కోడింగ్. అప్పుడు కొంత ఏడ్చింది. ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు. ఏదో ఒక రోజు ఒక కేసు కాగితం చదువుతుంటే, గొర్రెల కాపరి, జ్వరం, కీళ్ళ నొప్పి, పచ్చిపాలు, ఆ నాలుగు మాటల్లో పశువుల వైద్యం, సూక్ష్మజీవులు, రసాయనం, మనిషి, ఎవరి గదులు వాళ్ళవి అనుకున్నవన్నీ ఒకే మంచమ్మీద పడుకుని కనిపించాయి. సాయంత్రం ఇంటికెళ్ళి భర్తతో చెబితే రోగం పేరు తను చెప్పకముందే ఆయనే చెప్పేశాడు, ఆ పాలు మరగబెట్టమని వాళ్ళకెవరైనా చెప్పారా అని అడిగాడు. అత్తయ్య ఆ మేక ఏం మేసిందో అడిగింది. మేక కాదు గొర్రె అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఏదైనా మేసేది నా మొక్కలే కదా అంది. అంతే, తన చదువు ఎక్కడికీ పోలేదని ఆ రాత్రి అన్నం తింటుండగా అనిపించింది.

తలుపు తెరుచుకుంది. ఎలాగమ్మ చటుక్కున లేచింది. నర్సు ఖాళీ ట్రే పట్టుకుని వచ్చి, మీవాళ్ళది ఇంకా అవుతోందమ్మా అని సౌమ్యంగా చెప్పి వెళ్ళింది. మళ్ళీ కూర్చుంది. తల మీద కళ్ళజోడు జారితే సర్దుకుంది. లోపల ఇప్పుడు ఏం చేస్తుంటారు, చిన్న మరలు బిగిస్తుంటారు, వడ్రంగం లాంటి పనే, చప్పుడు కూడా అలాగే ఉంటుందట. నరం తెల్లగా ఉంటుంది, పెద్దది కాదు, ఆ కాస్త దారంలో ఇన్నేళ్ళ ఆకులు. వద్దు, అటు పోకూడదు. పొద్దున సంగతి తలుచుకోవాలి, అది ఇంకా కడుపులో గిలిగింతగానే ఉంది, కొంచెం భయంగా కూడా ఉంది.

పొద్దున ఆసుపత్రి గౌను తొడగడానికి జుట్టు పైకెత్తి పట్టుకుంటే అత్తయ్య మెడ వెనక ఎర్రటి దద్దుర్లు కనిపించాయి. వరసగా, మెడనుంచి వీపు మీదికి, ఒక్కొక్కటీ నడుమ చిన్న చుక్కతో. మందు పడలేదేమో అనుకుంది మొదట. తరవాత మోచేయి చూసింది, గీసుకుపోయిన చోట బూడిదరంగు పొడి ఇంకా అంటుకునే ఉంది, బాత్‌రూమ్ పలకల మీద అలాంటి పొడి ఉండదు. మోకాలి లోపలివైపు చర్మం ఒరుసుకుపోయింది, జారి పడ్డవాళ్ళకు మోకాలి చిప్పమీద తగులుతుంది గానీ లోపలివైపు ఎందుకు తగులుతుంది? లోపలివైపు దేన్నైనా కావలించుకుంటే తగులుతుంది. ఎలాగమ్మకు పెరట్లోని మామిడి చెట్టు కళ్ళముందు నిలబడింది. దాని ఆకులు కుట్టుకుని గూళ్ళు కట్టుకున్న ఎర్ర చీమలు. బెరడు మీద బూడిదరంగు శిలావల్కం.

“అత్తయ్యా,” అంది గౌను ముడి వేస్తూ, “మన బాత్‌రూమ్‌లో చీమలెప్పుడొచ్చాయి?”

అత్తయ్య కిటికీ చూసింది, మందుల సీసా చూసింది, చివరికి కోడలి ముఖం చూసింది.

“మావాడికి చెప్పకు,” అంది. “చెబితే రేపటికల్లా చెట్టు కొట్టించేస్తాడు.”

ఎంత ఎత్తునుంచి అని ఎలాగమ్మ అడిగింది. పెద్ద ఎత్తేం కాదంది. పెద్ద ఎత్తేం కాదంటే ఎంత అంటే, పెరటి గోడ పై అంచు కనిపించేంత అంది. గోడ ఇవతలి పక్కా, అవతలి పక్కా అంటే, అవతలి పక్క కూడా కనిపించింది అంది కాస్త గర్వంగా. అప్పుడు ఎలాగమ్మ నవ్వు మాయమైంది. జారి పడటం వేరు, అంత ఎత్తునుంచి పడటం వేరు. ఎత్తునుంచి పడ్డవాళ్ళకు మడమ చూడాలి, వెన్ను చూడాలి, తల చూడాలి, అవి చూడకుండా మత్తిస్తే ఎలా? కాగితం మీద లేనిది రాయకూడదని నేర్పిన ఉద్యోగమే, అనుమానం ఉంటే అడగాలని కూడా నేర్పింది. మీ అబ్బాయికి చెప్పను, డాక్టరుకు మాత్రం చెప్పి తీరతాను అంది. అత్తయ్య ఆలోచించింది. సరే, డాక్టరు నా కడుపున పుట్టలేదుగా అంది. ఎలాగమ్మ వెళ్ళి వరండా మలుపులో ఎముకల డాక్టరును పట్టుకుని గొంతు తగ్గించి చెప్పింది. ఆయన ఆమెకేసి కొంచెం వింతగా చూశాడు, నవ్వాపుకున్నట్టు కూడా అనిపించింది, తల, వెన్ను, మడమలు అన్నీ ఆ రాత్రే చూశామమ్మా, భయం లేదు అన్నాడు. హమ్మయ్య అనుకుని వచ్చేసింది. బాత్‌రూమ్‌లో జారినావిడకు వెన్ను ఎందుకు చూశారో అని అప్పుడు తోచలేదు, ఇదిగో, ఇప్పుడు తోస్తోంది. ఏమో, పెద్దవయసు కదా, అందరికీ చూస్తారేమో.

ఇంటి దగ్గర ఈపాటికి తాపీమేస్త్రీ బాత్‌రూమ్ పలకలు పగలగొడుతుంటాడు. ఆ సంగతి గుర్తుకొచ్చి నవ్వు వచ్చింది, ఎదురుగా ఉన్న పెద్దావిడ చూస్తోందని తల దించుకుంది. భర్త నిన్నంతా అదే పని, గరుకు పలకలు కొన్నాడు, గోడకు పట్టుకునే కడ్డీలు కొన్నాడు, రబ్బరు చాపలు కొన్నాడు, ఒక్కసారి కూడా జారని బాత్‌రూమ్‌కు ఇంత వైభోగం. తను నోరు విప్పితే ఆ సుత్తి ఆగుతుంది, విప్పితే చెట్టు పోతుంది. ఆయనకు ముక్కుమీద కోపమేమీ లేదు, తల్లి విషయంలో మాత్రం భయం ఎక్కువ, తండ్రి పోయినప్పటినుంచీ ఆవిడ దగ్గినా ఉలిక్కిపడతాడు. చెప్పకుండా ఉండటం కూడా కష్టంగానే ఉంది, ఆమెకు భర్త దగ్గర దాచిన మాటలు పెద్దగా లేవు, దాచుకోవలసినంత పెద్దవేవీ జరగలేదు. కిటికీలోంచి ఎండ వచ్చి కాళ్ళమీద పడింది, వెచ్చగా ఉంది. గాయాల కోడ్లలో ఆఖరి అక్షరం ఒకటుంది, ఇది మొదటిసారి చికిత్సా, మానుతుండగా మళ్ళీ వచ్చారా, మానిపోయాక మిగిలిన అవశేషమా అని చెప్పే అక్షరం. ఒకే దెబ్బ, ఆ అక్షరం ఒక్కటీ మారుతుంది. తన ఏడుపు ఉండేది కదా, ప్రయోగశాల దొరకలేదని, అది కూడా అలాగే అక్షరం మార్చుకుంటూ వచ్చి ఉంటుంది, ఇప్పుడు వర్షం పట్టినప్పుడు మోకాలు లాగినంత, అంతకు మించి లేదు. ఇంట్లో ఒక కూతురు, దానికి ఇవేవీ వద్దట, లెక్కలు కావాలట, పోనీ, ఏదో నాటికి అది కూడా చదువుల మధ్య ఉన్న ఈ గోడనే ఇంకో వైపునుంచి వచ్చి తడుతుంది. అత్తయ్య వేళ్ళు. మళ్ళీ అక్కడికే వచ్చింది మనసు. ఎడమచేత్తో నేర్చుకుంటుందా, నేర్చుకుంటుంది, మొండిది, కానీ రంపపు పళ్ళు అన్నీ సరిగ్గా రావు, రానివాటిని చూసి ఏమీ అనదు, అననిది చూస్తూ తను పక్కన కాఫీ తాగాలి.

డెటాలు వాసన, దాని వెనకే పశువుల కొట్టం వాసన. తలెత్తకుండానే ఎవరో తెలిసింది. భర్త పక్క కుర్చీలో కూర్చుని అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. తెల్లవారుఝామున ఎవరిదో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే వెళ్ళాడు, దూడ అడ్డం తిరిగిందట, చెయ్యి పెట్టి సరిచేసి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చిందట, తల్లీ దూడా బాగానే ఉన్నాయట. అమ్మ ఎలా ఉందని అడిగాడు. లోపలే ఉంది, ఇంకా రాలేదని చెప్పింది. కాసేపు ఇద్దరూ ఎర్రదీపం చూశారు. ఆయన చెయ్యి ఆమె చేతిమీద పడింది, గోళ్ళు ఎంత కడిగినా పోని పసుపు. బాత్‌రూమ్ పని ఎంతవరకు వచ్చిందని ఆమె అడిగింది, అడిగి నాలుక కరుచుకుంది, గొంతులో ఏదో తేడా పలికింది.

ఆయన ఆమెను పక్కనుంచి చూశాడు. “నీకూ తెలుసా?” అన్నాడు.

“ఏం తెలుసా?”

“చెట్టు సంగతి.”

ఆయన నెమ్మదిగా చెప్పాడు, మొన్న సాయంత్రం తను ఇంటికొచ్చేసరికి అమ్మ బాత్‌రూమ్ గుమ్మంలో కూర్చుని జారి పడ్డానురా అంది, కాదనడానికి అది సమయం కాదు, ఎత్తి కారులో కూర్చోబెట్టి పెరటి తలుపు మూయడానికి వెళితే చెట్టు మొదట్లో ఆవిడ చెప్పులు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా విప్పి ఉన్నాయి. కొమ్మ దగ్గర చీమల గూడు చిరిగి వేలాడుతోంది. చేయి విరిగిన మనిషి అక్కణ్ణుంచి బాత్‌రూమ్ దాకా నడిచొచ్చిందన్నమాట, ఆ ఒక్క అబద్ధం కోసం.

“నా దగ్గరికొచ్చే రోగులేవీ నోరు తెరిచి చెప్పవు కదా,” అన్నాడు. “చూసి తెలుసుకోవడమే మా పని. డాక్టరును పక్కకు పిలిచి ఆ రాత్రే చెప్పాను, తలా వెన్నూ చూడమన్నాను. అమ్మతో అనొద్దన్నాను.”

అందుకా ఆ డాక్టరు నవ్వాపుకున్నది. ఒకే రహస్యం ఒకే ఇంటినుంచి రెండుసార్లు చెవిలో పడితే ఎవరికైనా నవ్వొస్తుంది. మరి పలకలెందుకు పగలగొట్టిస్తున్నారు అని అడిగింది. ఆయన బూటు ముందువైపు చూసుకున్నాడు. బాత్‌రూమ్ అని చెప్పింది కదా, నేను ఏమీ చేయించకపోతే నమ్మలేదని తెలిసిపోతుంది, పైగా ఎప్పటికైనా పనికొచ్చేవే అన్నాడు. చెట్టు కొట్టించేస్తారని ఆవిడ భయం అంటే, ఆయనకు నిజంగానే బాధ కలిగింది, అది నాన్న నాటిన చెట్టు, నేనెందుకు కొట్టిస్తాను అన్నాడు. ఎలాగమ్మ ఆయన భుజంమీద తల ఆనించింది, కళ్ళజోడు గుచ్చుకుంటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవు వాసన ఫరవాలేదు, అలవాటే. ఎదురు కుర్చీలో పెద్దావిడ కూడా ఎందుకో మెత్తబడి భర్త వేలి కట్టు సర్దుతోంది.

దీపం ఆరినప్పుడు ఇద్దరూ గమనించలేదు. డాక్టరే వచ్చి పిలిచాడు. ఎముక చక్కగా కూర్చుంది, నరం తెగలేదు, నలిగిందంతే, మత్తు దిగుతోంది, వేళ్ళు చూద్దాం రండి అన్నాడు. లోపల అత్తయ్య కళ్ళు సగం తెరిచి పడుకుని ఉంది, చేయి కట్టులోంచి వేళ్ళు మాత్రం బయటికి, వాచి, కొత్తగా మొలకెత్తినవాటిలా పాలిపోయి. డాక్టరు వంగి, అమ్మా, బొటనవేలు చిటికెన వేలికి ఆనించండి అన్నాడు. అత్తయ్య ఆ మాట ఎక్కడినుంచో వస్తున్నట్టు విన్నది. ఏమీ జరగలేదు. ఎలాగమ్మ తనకు తెలియకుండానే తన బొటనవేలు వంచింది, పక్కన భర్త కూడా వంచాడు. అప్పుడు బొటనవేలు కదిలింది, చూపుడు వేలిని తాకింది, ఆగింది, దాన్ని దాటి నడిమి వేలిమీదికి వెళ్ళింది, ఉంగరం వేలు, అక్కడ చాలాసేపు ఆలోచించినట్టు ఉండిపోయింది, చివరికి చిటికెన వేలి కొసకు వణుకుతూ ఆనింది. తిమ్మిరి ఇంకా కొన్నాళ్ళుంటుంది, నెలలు పట్టొచ్చు, కానీ ఇది చేశారంటే మిగతాది వస్తుంది అన్నాడు డాక్టరు. భర్త కిటికీ దగ్గరికి వెళ్ళి బయట ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ఎలాగమ్మ అత్తయ్య ముక్కుమీద కళ్ళజోడు పెట్టింది, చెవుల వెనక సర్దింది.

అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మత్తు ఇంకా నాలుకమీద ఉంది, మాట ముద్దగా వచ్చింది. “నేను చెట్టు మీంచి పడితే నువ్వు బాత్‌రూమ్ ఎందుకురా పాడుచేస్తున్నావు,” అంది కొడుకుతో. తను దాచిన మాటను తనే బయటపెట్టిందని ఆవిడకు తెలిసినట్టు లేదు, తెలిసినా లక్ష్యపెట్టినట్టు లేదు. కొడుకు వెనక్కి తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ నవ్వుతున్నాడు. మంచం అంచున కూర్చుని, ఇంతకీ ఆ చీమల గూడు చూద్దామనా ఎక్కావు, నాన్న వాటిమీద ఏదో రాస్తుండేవాడు అని అడిగాడు. ఎలాగమ్మ అది కాదంది, పై కొమ్మకు చెట్టు రసం తాగి బతికే బదనిక పట్టింది, మొన్నామధ్య కిందనుంచి చూస్తూ సగం దొంగ మొక్క అన్నారు, దాని ఆకు కోసం ఎక్కి ఉంటారు, అవునా అత్తయ్యా అంది. ఆశ్చర్యం ఏమిటంటే, పొద్దుటినుంచీ దద్దుర్లు చూసి, పొడి చూసి, ఎత్తు అడిగి, ఎలా పడ్డారో మొత్తం తెలుసుకున్న ఎలాగమ్మ, ఎందుకు ఎక్కారని అడగడం ఇదే మొదటిసారి. కోడ్లలో ఆ గడి లేదు.

“ఏదీ కాదు,” అంది అత్తయ్య. “ఊరికే. ఎక్కగలనేమో చూద్దామనిపించింది.” కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నారు. మళ్ళీ తెరిచింది. పైన చాలాసేపు కూర్చుందట, చీమలు కుడుతున్నా దిగబుద్ధి కాలేదట, పక్కవాళ్ళ మేడమీద ఆరేసిన బట్టలు, దూరంగా రైలు, కాకులు తననేమీ అనకుండా వచ్చి పక్క కొమ్మమీద వాలాయట. ఎంత బాగుందో మీకు చెప్పినా అర్థం కాదు అంది. కొడుకు ఆవిడ మంచి చేతిని పట్టుకున్నాడు.

“అమ్మాయ్,” అంది అత్తయ్య.

“చెప్పండి అత్తయ్యా.”

“నువ్వు మీ ఆఫీసులో రాసేటప్పుడు సరిగ్గా రాయి. ఎక్కేటప్పుడు కాదు నేను పడింది. దిగేటప్పుడు.”

చెట్టు మీంచి పడటానికి ఒకటే కోడ్. ఎక్కేటప్పుడైనా, దిగేటప్పుడైనా. ఆ సంగతి ఎలాగమ్మ చెప్పలేదు.

“అలాగే రాస్తాను,” అంది.